ఇంజను చేసేది చప్పుడా, మోతా, రొదా?

ప్రశ్న:

మిత్రులకు నమస్కారం. కొత్తగా మోటారు సైకిల్ కొన్నవారి కోసం ఒక చిన్న మార్గదర్శిని తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. అందులో 'ఇంజను నుండి అసాధారణ శబ్దములు వెలువడినచో' అన్న వాక్యం నాలుగుచోట్ల వచ్చింది. రాసి చదువుకుంటే నాకే నవ్వు వచ్చింది, ఎందుకంటే బండి బాగుచేయించుకోవడానికి వెళ్లి అలా మాట్లాడేవారిని నేనెక్కడా చూడలేదు. దాని బదులు ఏ మాట వాడాలి? వాల్వుల దగ్గర వినిపించేదాన్ని 'కటకట' అనాలా, 'టకటక' అనాలా? పెద్దలు చెప్పగలరు.

మొదటి జవాబు:

'కటకట' వద్దండి. 'కటకటా' అనేది మనకు విచారాన్ని తెలిపే మాట, 'కటకటలాడటం' అంటే లేమితో అల్లాడటం. అది చదివినవారికి బండి కన్నా బండి యజమాని అవస్థ ముందు గుర్తొస్తుంది. 'టకటక'కు 'త్వరత్వరగా' అన్న అర్థం కూడా ఉన్నా, లోహం లోహానికి తగిలే పొడి చప్పుడు అందులో స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి అదే సరైనది.

అయితే మీ వాక్యంలో అసలు లోపం 'శబ్దం' అన్న మాటలో ఉంది. అది అన్నిటికీ సరిపోతుంది కాబట్టే దేన్నీ చెప్పదు. ఒక వస్తువు మరొకదానికి తగిలితే చప్పుడు, చెవులు గింగురుమనేలా మారుమోగితే మోత, ఆగకుండా సాగుతూ విసిగించేది రొద. సవ్వడి మెత్తనిది కనుక దానికి ఇక్కడ పని లేదు. ఈ తేడా కవిత్వానికే పరిమితం కాదు: తగలడం వల్ల వచ్చేది వదులైన సందును సూచిస్తుంది, ఆగని రొద తిరిగే భాగాన్ని, అంటే బేరింగునో గేరు పళ్లనో సూచిస్తుంది.

ఇంకా ముఖ్యమైనది ధ్వన్యనుకరణ పదాల నిర్మాణం. బడిలో ద్విరుక్తి అనీ, రెండోసారి వచ్చిన రూపాన్ని ఆమ్రేడితమనీ చదువుకున్నాం కానీ అది ఎంత పనికొచ్చే సంగతో ఆలోచించలేదు. 'ఠక్కుమంది' అంటే ఒక్కసారి జరిగి ఆగిపోయింది. న్యూట్రల్ నుంచి మొదటి గేరు వేసినప్పుడు వినిపించేది అదే, దానికి కంగారు పడనక్కరలేదు. 'టకటకమంటోంది' అంటే లయతో మళ్లీ మళ్లీ వస్తోంది, ఇంజను తిరుగుడుతో ముడిపడి ఉంది. 'గుయ్యిమంటోంది' అంటే మధ్యలో తెగకుండా సాగుతోంది. 'లొటలొటలాడుతోంది' అన్నప్పుడు మాత్రం చప్పుడుతో పాటు ఆ వస్తువు స్థితిని కూడా చెప్పినట్టే, ఏదో బోల్టు వదులైందని వేరే చెప్పనక్కరలేదు. అంటే చప్పుడు ఒక్కసారి వచ్చిందా, లయతో వస్తోందా, తెగకుండా వస్తోందా అని మెకానిక్కు మొదట అడగవలసిన ప్రశ్నకు మన క్రియాపదంలోనే జవాబు ఉంటుంది.

రెండో జవాబు:

పై వివరణ నచ్చింది. ఇరవై ఏళ్లుగా రకరకాల బండ్లు నడుపుతున్నవాడిగా కొంత చేరుస్తాను. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో వాల్వులను తెరిచే ఇరుసైన క్యామ్‌షాఫ్టు పిస్టను తిప్పే ప్రధాన ఇరుసైన క్రాంకుకు సగం వేగంతోనే తిరుగుతుంది. బండి నిలబడి, క్రాంకు నిమిషానికి 1400 సార్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు తెరుచుకునేది 700 సార్లు, అంటే సెకనుకు పదకొండు పన్నెండు సార్లు. అందుకే ట్యాపెట్ (వాల్వును నొక్కే భాగం) చప్పుడు తేలికగా, పైన తల భాగం నుంచి, కుట్టు మిషను నడిచినట్టు టకటకమంటుంది. అదే లోపలినుంచి బరువుగా, కొండ ఎక్కేటప్పుడు మరింత గట్టిగా 'దబదబ' వినిపిస్తే అది పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగు కావచ్చు. అప్పుడు ఇంటిదాకా పోనిద్దామనుకోకుండా ఇంజను ఆపివేయడం మంచిది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వినిపించి, వేడెక్కాక తగ్గిపోయేది పిస్టను చప్పుడు, ఎందుకంటే వేడికి అల్యూమినియం పిస్టను వ్యాకోచించి బోరుతో (తాను కదిలే గొట్టంతో) ఉన్న సందును కొంత పూడుస్తుంది. క్యామ్‌షాఫ్టును తిప్పే టైమింగ్ చైను వదులైతే గొలుసును ఈడ్చినట్టు 'జరజర' అంటుంది. పై గేరులో తక్కువ వేగంతో ఎత్తు ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు గలగలమనేది నాకింగు (ఇంధనం అదుపు తప్పి మండడం), ఒక గేరు తగ్గిస్తే అది పోతుంది. ఆ 'గలగల' నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది. గాజులకూ కబుర్లకూ వాడే ఆహ్లాదకరమైన మాట అది. అంతకన్నా తగినది ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా మీ పుస్తకంలో ఉండాలి. నా బండి టకటకమంటోందని ఒకసారి ట్యాపెట్లు బిగింపించుకున్నాను. ఆ చప్పుడు పూర్తిగా పోయింది, నేను మురిసిపోయాను, కొన్నాళ్లకు వాల్వు కాలిపోయింది. చిన్న బండ్లలో ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతో అంతకన్నా తక్కువో ఉంటుంది. అది కూడా లేకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, తన వేడిని సీటుకు (మూసుకున్నప్పుడు ఆనే అంచుకు) అందించలేక మాడిపోతుంది. చప్పుడుకు మనకు ఇన్ని మాటలున్నాయి కానీ, ఉండవలసిన చప్పుడు లేకపోవడానికి ఒక్క మాటా లేదు. అలాగే సైలెన్సరు ఇంజనును కలిసేచోట గ్యాస్కెట్టు (సందు మూసే పట్టీ) నుంచి పొగ కొద్దిగా కారినా అచ్చం ట్యాపెట్ లాగే టకటకమంటుంది. ఎక్కువగా కారితేనే 'తుస్సు'మని బయటపడుతుంది. మాట ఒకటే అయినా మూలం రెండుచోట్ల ఉండవచ్చు కాబట్టి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద అక్కడక్కడా ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినే పాత పద్ధతి ఇప్పటికీ అవసరమే. ఇంజను ఆపి బండిని తోసినా 'కిర్రు కిర్రు'మంటే తప్పు ఇంజనుది కాదు, చైనుదో చక్రానిదో బ్రేకుదో.

మరొక చిన్న విషయం. మా నాన్నగారు నడిపిన రాజ్‌దూత్ టూ స్ట్రోక్ బండి. అందులో అలాంటి వాల్వులే లేవు కనుక ట్యాపెట్ చప్పుడు అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయనకు ఉన్నవల్లా 'పటపట', 'గరగర'.

అడిగినవారి నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 'అసాధారణ శబ్దములు' నాలుగుచోట్లా తీసివేశాను. మొదటిచోట ఇప్పుడు ఇలా ఉంది: 'ఇంజను పై భాగంలో తేలికగా టకటకమంటే వాల్వు సందు చూపించండి, అడుగునుంచి బరువుగా దబదబమంటే వెంటనే ఆపండి, గుయ్యిమనే రొద ఆగకుండా వస్తుంటే క్లచ్ నొక్కి, అది మారుతుందో లేదో గమనించి మెకానిక్కుకు చెప్పండి.' నాకింగు దగ్గర 'గలగల'ను కొట్టివేసి, డబ్బాలో గులకరాళ్ల పోలికను మాత్రం ఉంచాను.