విరిగిన బుట్టకమ్మ పట్టుకుని డిజైనర్ దగ్గరికి వెళ్ళవచ్చా?

ప్రశ్న: నయీంనగర్ టీచర్, హనుమకొండ

కరీంనగర్ ఫిలిగ్రీతో, అంటే సన్నని వెండి తీగ అల్లికతో, కమ్మలు, చీర పిన్నులు, కొప్పు పిన్నులు చేయించే ఒక డిజైనర్ అంటే నాకు చాలా ఇష్టం. ఆమెను అడగలేదు కనుక పేరు ఇక్కడ రాయను. హైదరాబాదులో డిజైన్ చదువుకుని సొంత ఊరికి తిరిగి వచ్చి, వెండి తీగ పని తెలిసిన పాత కుటుంబాలతో కలిసి పనిచేస్తున్నారు. ఇన్నాళ్ళూ ఫోనులో ఆర్డరు పెట్టడం, కొరియరులో అందుకోవడమే. ఈ ఆదివారం పని జరిగే చోటికే రమ్మన్నారు. హుజూరాబాద్ మీదుగా పొద్దున బస్సుకే వెళతాను.

ఆమె నగలు నాకెందుకు ఇష్టమో ముందు చెప్పాలి. నేను రోజంతా నిలబడి పాఠం చెప్పే మనిషిని. సాయంత్రానికి చెవులు లాగే కమ్మలు నాకు పనికిరావు. ఈమె బుట్టకమ్మలు చూడటానికి నిండుగా ఉంటాయి, పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. బంగారు దుద్దుల బరువుకు తమ్మెలు సాగిపోయిన మా అమ్మ కూడా వీటిని పెట్టుకుని పెళ్ళిళ్ళకు వస్తోంది. ఇంకొకటి, ఆ గీత. ఓరుగల్లు కోటలో శిలాతోరణాల మీద హంసలను, కింద వేలాడే తామరమొగ్గలను చూసే ఉంటారు. వాటిని ఉన్నదున్నట్టు దించేయకుండా, హంస మెడ ఒంపు ఒక్కటే తీసుకుని దాన్నే కమ్మగా మలిచారు. తోరణం బొమ్మను ప్రతి బోర్డు మీదా చూసి చూసి అలవాటు పడిపోయిన ఊరు మాది. అలాంటి ఊళ్ళో ఆ ఒంపును నాకు మళ్ళీ కొత్తగా చూపించింది ఆమే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ హంస కమ్మల్లో ఒకదాని కొక్కెం అతుకు దగ్గర ఊడిపోయింది. కింద పడలేదు, ఎవరూ లాగలేదు. జడ వేసుకుంటుంటే చేతిలోకి వచ్చింది. దాన్ని వెంట తీసుకెళ్ళనా? మొదటిసారి కలిసేటప్పుడే విరిగిన వస్తువు చేతిలో పెడితే నొచ్చుకుంటారేమోనని భయం. అలాగని ఇక్కడి వెండి దుకాణంలో అతికించడానికి మనసు ఒప్పడం లేదు. అక్కడికి వెళ్ళాక ఏమి అడగాలి, ఏమి అడగకూడదు, ధర తగ్గించమనవచ్చా, తెలిసినవారు చెప్పండి. వయసులో నాకంటే చిన్నవారే అనుకుంటాను. మేడమ్ అని పిలవాలా?

జవాబు: గోదావరిఖని చదువరి

నేనైతే మొదటిసారి తీసుకెళ్ళను. ఆమె సెలవు రోజున సమయం ఇచ్చారు. అదంతా మరమ్మతు మాటలతోనే గడిచిపోతుంది. నచ్చినవి ఎందుకు నచ్చాయో చెప్పండి, పని చూడండి, కమ్మను తర్వాత కొరియరులో పంపండి. పేరు చివర గారు చేరిస్తే చాలు, మేడమ్ అక్కరలేదు. ఫొటోలు మాత్రం అడిగి తీయండి. ఇంకా అమ్మకానికి పెట్టని నమూనాలు బల్ల మీద ఉంటాయి, అవి మీ ఫోనులోంచి బయటికి పొక్కితే నకళ్ళు రావడానికి ఎంతోసేపు పట్టదు.

జవాబు: కమ్మచ్చు, కరీంనగర్

పై సలహా నాకు నచ్చలేదు. మా తాతగారు, నాన్నగారు ఈ పనిలోనే బతికారు. నేను ఉద్యోగంలోకి వెళ్ళాను గానీ, చిన్నప్పుడు సెలవుల్లో తీగ లాగినవాణ్ణే. విరిగిన కమ్మ తప్పక తీసుకెళ్ళండి, జతలో బాగున్నదాన్ని కూడా.

ఎందుకో చెబుతాను. ఫిలిగ్రీకి వెండి మెత్తగా ఉండాలి, అంటే స్వచ్ఛత ఎక్కువ ఉండాలి. రాగి పాలు పెరిగితే తీగ బిరుసెక్కి ఒంపు తిరగదు. ఆ వెండిని కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చు అనే బెజ్జాల పలకలో పెద్ద బెజ్జం తర్వాత చిన్నదానిలోకి లాగుతూ పోతారు. సన్నబడిన రెండు తీగలను కలిపి పురి పెట్టి, నొక్కి చదును చేస్తారు. అంచున కనిపించే గింజ గింజ మెరుపు ఆ పురి వల్ల వచ్చిందే. మందపాటి తీగతో ముందు చట్రం కడతారు, ఆ తర్వాత లోపల సన్నతీగ చుట్లు, ఆకులు పట్టకారుతో ఒదిగిస్తారు. చివరికి టంకం పొడి, వెలిగారం చల్లి ఊదుగొట్టంతో మంట పెడతారు. వెండి 961 డిగ్రీల సెల్సియస్ దాటితే కరుగుతుంది. టంకం అంతకంటే తక్కువ వేడికి కరిగి అతుకుల్లోకి పాకాలి. మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా వెంట్రుకలాంటి తీగ ముద్దై కూర్చుంటుంది. మామూలు గొలుసులు అతికే చోట మీ కమ్మ ఇవ్వకపోవడమే మంచిదైంది.

బలహీనత ఎప్పుడూ కొక్కెం దగ్గరే. కమ్మలో తక్కిన తీగలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. బరువు, ఊపు, దువ్వెన దెబ్బ మాత్రం ఆ ఒక్క చుక్క అతుకు మీదే పడతాయి. కొంతకాలం పెట్టుకున్నాక అది ఎలా వదులవుతుందో పని దగ్గర కూర్చున్నవాళ్ళకు కనిపించదు, పెట్టుకున్నవాళ్ళు తెచ్చి చూపించాల్సిందే. విరిగిన చోటును రుద్దకండి, కడగకండి. అతుకు వీడిందా, తీగే తెగిందా అన్నది ఆ మొన చూసి చెబుతారు.

ఒక విన్నపం. ఈ కమ్మ ఎవరి చేతిది అని అడగండి. గీసినది ఒకరు, ఒంచినది ఒకరు. సుపారీ పెట్టెలు, అత్తరు బుడ్లు, గులాబుదానులు చేసిన కాలంలో కూడా వాటి మీద మావాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. ఎల్గందుల నుంచి కరీంనగర్ దాకా ఇన్ని తరాలు చేసిన పనికి ఊరి పేరే మిగిలింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జవాబు: కొత్తవాడ సంచులు, వరంగల్

మాది దర్రీలు, అదే జంపఖానాలు, నేసే వాడ. ఆ బట్టతో నేను భుజం సంచులు కుట్టిస్తాను. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ సంగతి అడుగుతారు గానీ, కొన్న సంచి పిడి ఎన్నాళ్ళు నిలిచిందో తిరిగి వచ్చి చెప్పేవాళ్ళు తక్కువ. ఒక నర్సు గారు మాత్రం పిడి తెగిన సంచి తెచ్చి చూపించారు. అన్నం డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు అన్నీ అందులోనే వేసుకుని రోజూ కాజీపేటలో రైలు ఎక్కుతారట. పిడిని పై అంచుకు మాత్రమే కుట్టడం మానేసి, పట్టీని సంచి అడుగు కిందుగా తిప్పి కుట్టడం ఆమె వచ్చి వెళ్ళాకే మొదలుపెట్టాను. కాబట్టి తీసుకెళ్ళండి.

ధర సంగతి. వెండి రేటు రోజూ మారుతుంది, అది అందరికీ తెలిసిన లెక్కే. తగ్గించమంటే తగ్గేది కూలి ఒక్కటే. ఎక్కువ అనిపిస్తే చిన్న వస్తువు కొనండి, బేరం వద్దు.

జవాబు: నయీంనగర్ టీచర్

వెళ్ళి వచ్చాను. కమ్మలు రెండూ తీసుకెళ్ళాను. గోదావరిఖని వారి మాట కూడా పాటించి ముందు ఆ ఊసు ఎత్తలేదు. చాయ్ తాగుతుండగా ఆమే నా చెవుల వైపు చూసి, హంసలు పెట్టుకుని రాలేదేమని అడిగారు. నేను ఏవి కొన్నానో ఆమెకు గుర్తుంది! డబ్బా తీసి చేతికిచ్చాను.

నొచ్చుకోలేదు. భూతద్దం కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. విరిగినదానికంటే బాగున్నదాన్నే ఎక్కువసేపు చూశారు. అందులోనూ అతుకు పక్కన తీగ అరిగి ఉందట. లోపలి నుంచి ఒక పెద్దాయనను పిలిచారు. ఆయన చూడగానే, "మెడ మీద కొక్కెం నిలవదని నేను అప్పుడే అన్నానమ్మా" అన్నారు. కమ్మ ముందుకు వాలకూడదనే అక్కడ పెట్టించానని ఆమె చెప్పి, అప్పటికప్పుడే కాగితం తీసి గీయడం మొదలుపెట్టారు. హంస తలను వెనక్కి తిప్పి రెక్కకు ఆనిస్తే బరువు రెండు చోట్ల పడుతుందని ఆయన, అలా చేస్తే ఒంపే పోతుందని ఆమె. ఇద్దరూ నా ముందే గట్టిగా వాదించుకున్నారు, ఒకరి మీద ఒకరికి ఎంత గౌరవమో ఆ వాదనలోనే తెలిసింది. చివరికి ముందు నుంచి కనపడకుండా, మెడ వెనుక చట్రం తీగను ఇంకో చుట్టు నడపాలని తేల్చారు. నేను ఇన్నాళ్ళూ మెచ్చుకున్న ఒంపు ఇలా ఇద్దరి పట్టుదల మధ్య నిలిచినదన్నమాట.

కమ్మచ్చు గారూ, మీ ప్రశ్న అడిగాను. ఆ కమ్మ ఒంచింది పెద్దాయన కాదు, ఆయన కోడలు. వెనుక గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నేను కమ్మ చూపిస్తే ఆవిడ ముందు నా చెవి చూశారు. నా తమ్మెకు కొక్కెం పొడవు ఎక్కువైందని, అందుకే దువ్వెనకు దొరుకుతోందని చెప్పారు. ఈ సంగతి డిజైనర్ గారికీ కొత్తే, వెంటనే రాసుకున్నారు. డబ్బాలో పెట్టే చీటీ మీద ఒంచినవారి పేరు కూడా రాయగలరా అని అడిగాను. తనకు అభ్యంతరం లేదని, పేరు ఆవిడది కనుక ఆవిడే చెప్పాలని అన్నారు. ఆలోచించి చెబుతానన్నారావిడ.

కొక్కేలు రెండింటికీ మారుస్తారు, ఒకదానికే మారిస్తే రెండూ ఒకే ఎత్తున వేలాడవు కనుక. మరమ్మతు కూలి ఎంతో అడిగి ఇచ్చాను. వెండి నల్లబడకుండా గాలి తగలని డబ్బాలో పెట్టమన్నారు, రబ్బరు బ్యాండ్లను దగ్గర ఉంచవద్దన్నారు, వాటిలోని గంధకం వల్ల తొందరగా నల్లబడుతుందట. టూత్‌పేస్టుతో రుద్దితే అది చుట్ల మధ్య ఇరుక్కుని ఒక పట్టాన రాదు. కుంకుడు రసంలో ముంచి, మెత్తటి బ్రష్షుతో కడిగి, తడి లేకుండా ఆరబెడితే చాలు.

కొత్తవాడ వారికి: అడుగు కిందుగా పట్టీ తిప్పిన సంచి ఒకటి నాకు కావాలి, పరీక్ష పేపర్ల కట్టలు మోయడానికి. ఆదివారం తెరిచి ఉంటుందా?