పిన్నికి కరెంటు (తలకి పెట్టే షాక్ ట్రీట్‌మెంట్) పెట్టాలంటున్నారు, మీ ఇళ్ళల్లో ఎవరికైనా పెట్టించారా?

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి):
రెండో కాన్పయిన దగ్గర్నుంచి మా పిన్నికి మాట లేదు, ముద్ద ముట్టదు. చిల్లంగి (చేతబడి) అన్నారు, గుణియాని (మంత్రగాణ్ణి) పిలిచాం, తాడు కట్టాడు. తర్వాత బరంపురంలో చూపించాం. మందులు రెండుసార్లు మార్చినా తగ్గలేదు. ఇప్పుడు కరెంటు పెడదామంటున్నారు. "మా అన్నయ్యకి పెట్టినప్పుడు కళ్ళారా చూశాను, చచ్చినా ఒప్పుకోను" అని అమ్మమ్మ ఒకటే ఏడుపు. ఆవిడకి ఏం చెప్పమంటారు?

గుణుపురం పాత మాస్టారు:
అమ్మమ్మగారి భయం ఉత్తది కాదు బాబూ. 1974లో మా చిన్నాన్న సంగతి చెప్తాను. ఎనిమిది నెలలు పశువులసాలలో రాటకి గొలుసుతో కట్టేశాం. కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత నౌపడా దాకా చిన్న రైల్లో, అక్కణ్ణుంచి పెద్ద రైల్లో ఒక ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అప్పటికింకా 1912 నాటి పిచ్చివాళ్ళ చట్టమే. ఒప్పుకోని మనిషిని చేర్చాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, ఏదో దొంగతనం చేసినవాడిలా.

అక్కడ మత్తు ఇవ్వలేదు. నలుగురు భుజాలు, కాళ్ళు అదిమిపట్టారు. నేను కిటికీ బయట ఉన్నాను. అంతకుమించి రాయలేను.

కానీ ఇదీ చెప్పాలి. నాలుగోసారి పెట్టాక ఆయన లేచి కూర్చుని చేపల పులుసు అడిగాడు. పదకొండేళ్ళు బాగున్నాడు, కూతురి పెళ్ళి చేశాడు. ఒక్కటే, కరెంటు పెట్టడానికి రెండు నెలల ముందు తాతయ్య పోయిన సంగతి మరిచిపోయాడు. ఆ కబురు మళ్ళీ మేమే చెప్పాల్సొచ్చింది.

వంశధార:
మా అన్నయ్యకి లిథియంతోనే తగ్గింది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు కనిపెట్టిన మందు. కరెంటు ఎందుకండీ ఈ రోజుల్లో కూడా?

రాయగడ నర్సు:
వంశధారగారూ, మీ అన్నయ్యది ఒకసారి పైకి, ఒకసారి కిందకి పోయే జబ్బు అయ్యుంటుంది. ఈవిడ తిండే మానేశారు. అలాంటప్పుడు మందు పనిచేసేదాకా వారాలు ఆగలేం.

1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ అనే డాక్టర్లు ఈ కరెంటు వైద్యం మొదలుపెట్టినప్పుడు మత్తు లేకుండానే పెట్టేవారు. కరెంటుతో వచ్చే ఫిట్‌కి వెన్ను ఎముకలు కూడా విరిగేవి. ఇప్పుడు మత్తు ఇస్తారు, కండరాలు సడలే మందూ ఇస్తారు. ఫిట్ ఒక నిమిషం లోపే, బొటనవేలు కాస్త కదిలితే కదులుతుంది. ఈ రెండూ లేకుండా కరెంటు పెట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. మనిషిని గొలుసులతో కట్టడాన్ని కూడా. 2001లో తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగుల్ని కట్టేసి ఉంచిన గుడిసెలు అంటుకుని, గొలుసులు తెగక 28 మంది కాలిపోయారు, గుర్తుందా?

మామూలుగా వారానికి రెండుమూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. మరపు ఉంటుంది, దాచను. ఎక్కువగా ఆ రోజుల్లో జరిగినవే పోతాయి. కాగితం మీద సంతకం పెట్టేముందు "మత్తు డాక్టరు ఉంటారా" అని అడగండి.

బరంపురం కోడలు:
ఒకటి చెప్తాను. మా అత్తగారిని డాక్టరు ఒడియాలో అడిగితే మా ఆయన తెలుగులోకి మార్చి చెప్పేవారు. కొడుకు ఎదురుగా ఆవిడ ఏం చెప్తుంది? "దడ" అంటే గుండె పరీక్షలన్నీ చేశారు. రెండోసారి నేను వెళ్ళి మగవాళ్ళని బయటికి పంపేశాను. ఆ రోజు గంటసేపు మాట్లాడింది. మీ పిన్నితో ఆడమనిషిని పంపండి, బాబాయిని కాదు.

గుణుపురం పాత మాస్టారు:
1936లో మేం ఒడిశాలో కలిసినా, మద్రాసు ప్రెసిడెన్సీ నాటి అలవాటుతో మా పెద్దవాళ్ళకి కటక్ కంటే వాల్తేరే దగ్గరగా ఉండేది. "వీణ్ణి వాల్తేరు పంపాలి" అని, అంటే అక్కడి పిచ్చాసుపత్రికని, తిట్టుకునేవాళ్ళం. మొన్న మనవడు "తాతా, నాకు కౌన్సెలింగ్ ఉంది, ఫోన్ చెయ్యకు" అన్నాడు, క్రికెట్ మ్యాచ్ ఉందన్నట్టే.

మహేంద్రతనయ గట్టు:
మాస్టారు రాసింది అమ్మమ్మకి చదివి వినిపించాను. చేపల పులుసు దగ్గర ఏడ్చింది. మంగళవారం వెళ్తున్నాం, ఆవిడా వస్తానంది. గుణియా కట్టిన తాడు మాత్రం విప్పనివ్వదట.

రాయగడ నర్సు:
తాడు ఉంటే ఉండనివ్వండి. దానికి రాగి తాయెత్తు ఉంటే మాత్రం ఆ పూటకి తీసి అమ్మమ్మగారి చేతికే ఇవ్వండి.