కుంటలో నీళ్లు తగ్గినంక వచ్చే చిన్న పిట్టలను ఎట్ల గుర్తుపట్టాలె?

కుంటకట్ట (హన్మకొండ):
అందరికీ నమస్తే. మా ఇంటి దగ్గర్ల ఒక కుంట ఉంది, వానాకాలం నిండుతది, ఎండాకాలం వచ్చేసరికి నెర్రెలిచ్చి పోరగాళ్లు అండ్ల క్రికెట్ ఆడతరు. పొద్దున వాకింగ్‌కి పోయినప్పుడు పిట్టలు చూస్తుంట. నత్తగుల్ల కొంగ, నీటికాకి, గుడ్డికొంగ ఇవన్నీ తెలుసు, పేచీ ఎక్కడంటే ఇప్పుడు జనవరిల ఒక పక్క బురద తేలింది, దాని మీద గోధుమరంగు చిన్న పిట్టలు గుంపులు గుంపులు దిగుతున్నయ్, అన్నీ ఒక్క తీరే కొడుతున్నయ్. ఫోన్‌తో తీస్తే మసక మసక, యాప్‌ల పెడితే ఒక్కోసారి ఒక్కో పేరు చెప్తది. బైనాక్యులర్ ఏది కొనాలె? మా దోస్తేమో ఈ కుంటల ఏముంటది, కొల్లేరో పులికాటో పో అంటున్నడు.

ఉల్లంకి:
బ్రో రంగు సంగతి ముందు వదిలెయ్, రంగు పట్టుకుంటే పిచ్చెక్కుద్ది. నడక చూడు. గబగబా పరిగెత్తి టక్కున ఆగి మళ్లీ పరిగెడుతుంటే అది ప్లోవర్, కంటి చుట్టూ పసుపు రింగు ఉంటే లిటిల్ రింగ్డ్ ప్లోవర్. ఒంటరిగా గట్టు రాళ్ల మీద తిరుగుతూ వెనక భాగం ఆగకుండా ఊపుతుంటే కామన్ సాండ్‌పైపర్, దానికి రొమ్ము పక్కన తెలుపు భుజం మీదకి కొక్కెంలాగా ఎక్కి ఉంటుంది, ఒకసారి పట్టుకున్నావంటే ఇక మర్చిపోవు. వీపంతా చుక్కలు, కంటి పైన తెల్ల గీత, పొడుగు పసుపు కాళ్లు అయితే వుడ్ సాండ్‌పైపర్. పిచ్చుకంత ఉండి తల దించుకుని కుట్టుమిషన్ సూదిలా టకటకా పొడుస్తుంటే స్టింట్. ముందు ఈ నాలుగూ రానీ, మిగతావి తర్వాత. అన్నట్టు ఇవి బాతుల్లాగా నవంబర్ దాకా ఆగవు, ఆగస్టు నుంచే వస్తుంటాయి, అప్పుడు మీ కుంట నిండా నీళ్లు కాబట్టి ఎక్కడో వరి మళ్లలో ఉంటాయి, నీకు కనపడవు అంతే.

ఎనిమిదినలభైరెండు:
బైనాక్యులర్ అయితే 8×42 తీసుకోండి (8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తదో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో), 10 రెట్లది అంటే దగ్గరగా కనిపిస్తుందని ఆశపడతాం గానీ చెయ్యి వణికితే బొమ్మ కూడా వణుకుద్ది. ఎండ వీపు మీద పడేట్టు నిలబడండి, ఎదురెండలో ఏ పిట్టయినా నల్లగానే ఉంటది. కట్ట మీద నిటారుగా నిలబడితే అన్నీ లేచిపోతాయ్, కింద తుమ్మ చెట్టు పక్కన కూర్చోండి, కాసేపటికి అవే దగ్గరికొస్తాయ్.

మిర్చియార్డ్ (గుంటూరు):
మీ ఫ్రెండ్‌ గారికి చెప్పండి, మా పక్కన ఉప్పలపాడు కూడా ఊరి చెరువేనండి, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడే గూళ్లు పెడతాయి. కాకపోతే వాటికి చెట్లు కావాలి, మీరు అడిగే పిట్టలకి చెట్టుతో పనిలేదు, వేలెడు లోతు నీళ్లు, బురద ఉంటే చాలు. అందుకని మీ కుంటే మేలు. చూసినవి ఈబర్డ్‌లో (పక్షులు చూసినవాళ్లు వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించండి, ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క కూడా జరుగుద్ది, 1987 నుంచి నడుస్తోంది, చిన్న కుంటల లెక్కకి కూడా విలువుంటుందండి.

నీళ్లకాలువ (సిద్దిపేట దిక్కు):
మా చెరువు ఒకప్పుడు గిట్లనే ఎండేది, ఇప్పుడు కాలువ నీళ్లతోని ఎండాకాలం కూడా నిండుగనే ఉంటుంది, రెండో పంటకు నీళ్లున్నయ్, చేపలున్నయ్, రైతుగ నాకేం బాధ లేదు, కానీ ఆ బురద పిట్టలు మాత్రం ముందట్లెక్క దిగుతలేవు, నీటికాకులే ఎక్కువైనయ్. అందుకే ఎండే కుంట అని తక్కువ చేసి చూడకు తమ్మీ. ఇంకో సంగతి, మార్చి దాటినంక తీతువు పిట్ట ఆ ఎండిన నేల మీదనే గుడ్లు పెడ్తది, మట్టిరంగు మీద నల్ల మచ్చలు, పక్కన గులకరాళ్లుంటే ఏది గుడ్డో ఏది రాయో తెల్వదు. అది నెత్తి మీదికొచ్చి మొత్తుకుంటుంటే అక్కడ్నే అడుగు ఆపాలె. క్రికెట్ పోరగాళ్లకు జెర చెప్పు.

కుంటకట్ట:
థ్యాంక్స్ అందరికీ, పోరగాళ్లకు చెప్తా. పొద్దున పోయి చూసిన, పసుపు రింగు దొరికింది, తోక ఊపేది కూడా దొరికింది. స్టింట్ల కాళ్లు మాత్రం కొన్నిటికి నల్లగ, ఒకదానికి పసుపుగ అనిపించినయ్, రెండు రకాలా?

ఉల్లంకి:
నల్ల కాళ్లవి లిటిల్ స్టింట్, పసుపు అయితే టెమింక్స్ స్టింట్. కానీ బురద అంటితే పసుపు కాళ్లు కూడా నల్లగానే కనిపిస్తాయి, నీళ్లలో నుంచి బయటికి వచ్చినప్పుడు ఇంకోసారి చూడు.