యోషిదా తాజ్ మహల్ చిత్రం: చిత్రకారుడి జీవితకాలపు ప్రతి అని ఎలా నిర్ధారించుకోవాలి?

జపాన్ ప్రకృతిదృశ్యాల చెక్క అచ్చు చిత్రాలను సేకరిస్తున్న వారి సలహా కోరుతున్నాను. హిరోషి యోషిదా (1876–1950) భారతదేశ పర్యటన తర్వాత 1930ల ఆరంభంలో వెలువరించిన తాజ్ మహల్ చిత్రాల్లో ఒకటి విదేశీ వేలానికి వచ్చింది. మన దేశపు వెలుగును అంత సున్నితంగా పట్టుకున్న ఆ చిత్రాన్ని కొనాలని ఎంతో ఆశగా ఉంది.

చిత్రకారుడి పర్యవేక్షణలోనే అచ్చయిందని తెలిపే ‘జిజురి’ ముద్ర ఎడమ అంచున స్పష్టంగా ఉంది. అయితే కింది అంచున పెన్సిలుతో చేసినట్టున్న ఆంగ్ల సంతకపు గీతలన్నీ ఒకే మందంతో, కాగితంపై ఒత్తిడి ఆనవాలు లేకుండా కనిపిస్తున్నాయి. ఆయన మరణానంతరం అవే దిమ్మెలతో మరికొన్ని ప్రతులు అచ్చయ్యాయనీ, వాటిపై సాధారణంగా ఈ ముద్ర ఉండదనీ, సంతకం కూడా అచ్చువేసిందే ఉంటుందనీ చదివాను. ముద్ర ఉండి, సంతకం మాత్రం అచ్చువేసిన ప్రతులను మీలో ఎవరైనా చూశారా? వాటిని ఏ కాలానివిగా పరిగణిస్తారు?

విక్రేత నుంచి ఏయే ఫొటోలు అడగాలో కూడా చెప్పగలరు. వెనుకవైపుకు ఇంకిన రంగులు, కాగితాన్ని దిమ్మెపై అదిమే గుండ్రటి చేతి సాధనమైన బారెన్‌తో రుద్దిన జాడలు, పక్కవాటు వెలుతురులో కాగితపు పోగులు చాలునా? మరో జపాన్ చెక్క అచ్చు చిత్రకారుడు హసుయి చిత్రాలకైతే ప్రచురణకర్త వతనబే ముద్రల రూపాన్ని బట్టి కాలాన్ని కొంతవరకు అంచనా వేయవచ్చు. ఇక్కడ అలాంటి ఆధారం నాకు దొరకలేదు.

మరొక సందేహం: మాది విశాఖపట్నం. సముద్రపు తేమకు కాగితంపై గోధుమరంగు మచ్చలు రాకుండా ఆమ్లరహిత అట్టతో ఫ్రేము కట్టించడం మేలా, లేక చదునైన పెట్టెలో భద్రపరచడమా? తీరప్రాంతంలో ఉంటున్న సేకర్తల అనుభవం నాకు ముఖ్యంగా కావాలి.