మల్లేశ్వరం వీధులు తిన్నగా, కొత్త బెంగళూరు వీధులు వంకరగా ఎందుకున్నాయి? ఇళ్ళ వెనక సందు ఎందుకు వేశారు?

సంపిగెవీధి (ప్రశ్న):

మాది అనంతపురం జిల్లా. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. మొదటి తొమ్మిదేళ్ళు మారతహళ్ళి అవతల ఉన్నాం, రెండేళ్ళ కిందట పిల్లల చదువు కోసం మల్లేశ్వరంలో ఒక పాత ఇంటికి అద్దెకు వచ్చాం. ఇక్కడ వీధులు దారం పట్టి గీసినట్టు ఉంటాయి. ఒక క్రాసు (అడ్డవీధి) తెలిస్తే పక్క క్రాసుకు ఎవరినీ అడగకుండా వెళ్ళవచ్చు. మారతహళ్ళి దగ్గర మేమున్న వీధి మాత్రం రెండు వందల గజాలు సాగి ఒక ప్రహరీ గోడ దగ్గర ఆగిపోయేది. ఆ గోడ అవతల కళ్ళెదుట కనిపించే అపార్టుమెంటుకు చేరాలంటే రెండు కిలోమీటర్లు చుట్టి రావలసి వచ్చేది. నూటపాతికేళ్ళ కిందట గొలుసులతో కొలతలు వేసుకున్నవాళ్ళకు సాధ్యమైన పని, ఉపగ్రహ చిత్రాలూ ప్రణాళికా సంస్థలూ ఉన్న కాలంలో మనకెందుకు సాధ్యం కాలేదన్నది నా మొదటి ప్రశ్న.

రెండోది ఇంటికి సంబంధించినది. మా వీధిలో రెండు వరసల ఇళ్ళ వెనక గోడల మధ్య సుమారు పది అడుగుల సందు ఒకటుంది. ఇప్పుడు అందులో పిచ్చిమొక్కలు, విరిగిన పూలకుండీలు తప్ప ఏమీ లేవు. దాన్ని అటూ ఇటూ ఉన్న ఇళ్ళవాళ్ళు సగం సగం కలుపుకుందామని కాలనీ సంఘంలో ప్రతిపాదన వచ్చింది. మా ఇంటి యజమానురాలు ఎనభై దాటిన పెద్దావిడ. ఏం చెప్పమంటావు బాబూ అని నన్ను అడిగారు. ఆ సందు ఎందుకు పుట్టిందో తెలియకుండా సలహా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతఇంజనీరు:

ముందు సందు గురించి చెబుతాను. దాన్ని ఇక్కడ కన్సర్వెన్సీ లేన్ అంటారు. మన తెలుగు పట్టణాల్లో పెద్దవాళ్ళు పాకీసందు అనేవారు. నీళ్ళ మరుగుదొడ్లు లేని రోజుల్లో ప్రతి ఇంటికీ పెరటి చివర దొడ్డి ఉండేది. తెల్లవారకముందే మనుషులు వచ్చి, వెనక గోడలోని చిన్న తలుపు తెరిచి, మలాన్ని ఎత్తి బండిలో వేసుకుని పోయేవారు. వాళ్ళు ముందు వీధిలో నడవకూడదు, ఇంటివాళ్ళ కంట పడకూడదు అన్నదే ఆ సందు వెనక ఉన్న ఉద్దేశం. మల్లేశ్వరం అందాన్ని నేనూ ప్రేమిస్తాను కాని, ఆ అందం కొన్ని కులాల మనుషుల చేత తరతరాలు చేయించిన చాకిరీ మీద నిలబడిందన్న మాట దాటేసి ఆ చరిత్ర చెప్పడం న్యాయం కాదు. ఆ పనిని నిషేధిస్తూ చట్టం 1993లో గాని రాలేదు.

ఇక పేట సంగతి. 1896లో బొంబాయిలో కనబడిన ప్లేగు రైలు మార్గాల వెంట పాకి 1898లో బెంగళూరు చేరింది. అప్పటి బెంగళూరు పేట, అంటే పాత ఊరు, ఇరుకిరుకు ఇళ్ళతో కిక్కిరిసి ఉండేది. బసవనగుడి, మల్లేశ్వరం వేయాలన్న ఆలోచన 1890ల తొలి ఏళ్ళలోనే మొదలైనా, జనాన్ని నిజంగా అటు కదిలించింది ప్లేగు భయమే. విశాలమైన వీధి, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ, పెరడు, వెనక సందు అన్నీ ఆ భయానికి ఇచ్చిన జవాబులే. బొంబాయిలో పాత బస్తీలను చీల్చి రోడ్లు వేయడానికి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును ఏర్పాటు చేసినది కూడా 1898లోనే. హైదరాబాదులో అటువంటి కదలికను వరద తెచ్చింది. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచిన తరువాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది, ఆ తరువాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే విషయం ఒకటుంది. ప్లేగు ఎలుకల ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగుల వల్ల మనుషులకు సోకుతుందని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు మన దేశంలోనే పరిశోధించి ప్రకటించినది కూడా 1898లోనే, కాని దాన్ని వెంటనే నమ్మినవారు తక్కువ. అధికారులు మురికినీ చెడుగాలినీ అనుమానించారు, అందుకే గాలి ఆడేలా వీధులు వేశారు. లండనులోనూ ఇటువంటిదే జరిగింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు పార్లమెంటు తల్లడిల్లి, బాజల్‌గెట్ అనే ఇంజనీరు చేత బ్రహ్మాండమైన మురుగు కాలువలు కట్టించింది. కలరా దుర్గంధం వల్ల వస్తుందన్న నమ్మకంతోనే వాటిని తలపెట్టారు. నమ్మకం తప్పయినా, మురుగు తాగునీటికి దూరమైంది కనుక కలరా తగ్గింది.

చిక్కపేటవాసి:

పాతఇంజనీరు గారు చెప్పినది బాగుంది గాని, పేట అంటే ప్రణాళిక లేని చోటు అన్న అర్థం అందులోంచి రాకూడదు. మా కుటుంబం నాలుగు తరాలుగా ఇక్కడ బట్టల వ్యాపారం చేస్తోంది. 1537లో కెంపేగౌడ ఈ ఊరికి పునాది వేసినప్పుడు దొడ్డపేట, చిక్కపేట కూడలి నుంచి నాలుగు దిక్కులకూ నాగళ్ళు కట్టిన ఎద్దులను తోలించి వీధులు ఏర్పరచారని చెప్పుకుంటారు. బియ్యానికి అక్కిపేట, దూదికి అరళెపేట, కుమ్మరులకు కుంబారపేట, గానుగలవారికి గాణిగరపేట ఇలా వృత్తిని బట్టి చోటు కేటాయించారు. కొనుగోలుదారు ఒక్క వీధిలో పది దుకాణాల ధర చూసి కొనుక్కోవచ్చు, ఆ సదుపాయం ఈనాటికీ పోలేదు. వీధులు ఇరుకయ్యాయంటే అరుగులూ మెట్లూ ఏటికేడాది ముందుకు జరగడం వల్ల అయ్యాయి.

నగరపటం:

నేను పట్టణ ప్రణాళిక చదువుకుని అదే వృత్తిలో ఉన్నాను. సంపిగెవీధి గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. వీధి ఆకారం నిర్ణయమయ్యేది ఇళ్ళు కట్టేటప్పుడు కాదు, నేలను ముక్కలు చేసేటప్పుడు. మల్లేశ్వరంలో ప్రభుత్వం నేలనంతా ముందు తన చేతిలోకి తీసుకుని, వీధులు గీసి, ఆ తరువాతే సైట్లు పంచింది. మారతహళ్ళి వైపు జరిగింది దీనికి తలకిందులు. అక్కడ ఒక రైతు తన రెండెకరాలను ఒక బిల్డరుకు అమ్మాడు, పక్క రైతు ఇంకొకరికి అమ్మాడు. ఎవరికి వారు తమ సర్వే నంబరు లోపల ఒక రోడ్డు వేసుకుని గట్టు మీద గోడ కట్టారు. మీరు చూసిన ప్రహరీ గోడ బహుశా ఒకప్పటి పొలం గట్టే. వంకర తిరిగిన పెద్ద రోడ్డు రాగుల బస్తాలు తోలిన బండిదారి. పాత గ్రామపటాన్ని నేటి పటం మీద పరచి చూడండి, గట్లు గోడలుగా, బండిదార్లు బస్సుల దార్లుగా, వంకలు రాజకాలువలుగా (వాననీటి పెద్ద కాలువలుగా) కనబడతాయి. రెవెన్యూ లేఅవుట్లు (వ్యవసాయ భూమిలో సరైన అనుమతి లేకుండా వేసినవి), బి-ఖాతాలు (పూర్తి గుర్తింపు లేని ఆస్తి నమోదులు) అని మనం వినే మాటలన్నిటి వెనకా ఉన్న కథ ఇదే.

ఈ గీతలు ఎంత గట్టివో చెప్పడానికి లండనును మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1666 మంటల్లో అక్కడ పదమూడు వేలకు పైగా ఇళ్ళు కాలిపోయాయి. క్రిస్టఫర్ రెన్ కొద్ది రోజుల్లోనే విశాలమైన రాజవీధులతో కొత్త నగరాన్ని గీసి రాజుకు సమర్పించాడు. నేల మీద ఏమీ మిగలకపోయినా అది అమలు కాలేదు, ఎందుకంటే ప్రతి బూడిదకుప్పకూ ఒక హక్కుదారుడున్నాడు. చివరికి కొన్ని వీధులను వెడల్పు చేసి, చెక్కకు బదులు ఇటుకతో, చాలా మటుకు పాత గీతల మీదే ఊరు లేచింది. న్యూయార్కులో మాత్రం 1811లోనే, మన్‌హట్టన్‌లో చాలా భాగం ఇంకా పొలాలూ గుట్టలుగా ఉన్నప్పుడే, 12 నిలువు వీధులనూ 155 అడ్డవీధులనూ పటంలో గీసేశారు. ఆ గళ్ళను ఏటవాలుగా కోస్తూ పోయే బ్రాడ్‌వే అంతకు ముందునుంచీ ఉన్న దారి, దాన్ని చెరపలేకపోయారు.

1727లో జైపూరును తొమ్మిది చౌకడుల (చదరపు పేటల) లెక్కన వేయించగలిగాడంటే జైసింగు రాజు కనుక. 1853 నుంచి 1870 దాకా హౌస్‌మన్ పారిస్ గుండెలో బులెవార్లు (విశాలమైన రాజవీధులు) చీల్చగలిగాడంటే చక్రవర్తి అండ వల్ల. అప్పుడు నిలువనీడ పోగొట్టుకున్న పేదలు ఊరి అంచులకు చేరారు, ఆ నష్టం నేటి పారిస్ అందంలో కనబడదు. రాజులేని చోట ఏం చేయాలన్నదానికి జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు మేయరు ఆడికెస్ 1902లో ఒక చట్టం తెచ్చాడు. అందరి భూములనూ ఒక రాశిగా కలిపి, వీధులకూ తోటలకూ కొంత తీసి, మిగిలినదాన్ని చక్కని ముక్కలుగా ఎవరిది వారికి తిరిగి ఇవ్వడం దాని సారం. ముక్క చిన్నదవుతుంది, విలువ పెరుగుతుంది. మన దేశంలో 1915 బొంబాయి పట్టణ ప్రణాళికా చట్టం ఈ పద్ధతికి దారి ఇచ్చింది, గుజరాత్ ఇప్పటికీ ఇలాగే పేటలు వేస్తోంది. 2015లో అమరావతి కోసం రైతులు 30,000 ఎకరాలకు పైగా ఇచ్చినది కూడా ఈ కుటుంబానికి చెందిన పద్ధతిలోనే, అయితే నమ్మి ఇచ్చిన నేలకు ప్లాట్లు సకాలంలో అందకపోతే రైతు ఏమవుతాడన్నది అక్కడ బయటపడింది. అంత శ్రమ పడి నేలను ముందే చక్కదిద్దే ఓపిక బెంగళూరు అంచుల్లో ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే ఉద్యోగాలు ముందు వచ్చాయి.

సంపిగెవీధి:

నగరపటం గారూ, మీ మాట చదివాక గోడ గుర్తొచ్చి మనసు బరువెక్కింది. ఒక్క సందేహం. ముందే తిన్నగా గీసుకుంటే చాలా? తిన్నని గీత ఎప్పుడూ మంచిదేనా?

జార్జిటౌన్‌కోడలు:

చాలదండీ, ఆ గీతను ఎవరి అవసరానికి, ఏ నేల మీద గీశారన్నదీ చూడాలి. మేము మద్రాసులో మూడు తరాలుగా ఉన్న తెలుగువాళ్ళం, రెండు ఉదాహరణలు చెబుతాను. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని అనుమతితో ఇంగ్లీషువాళ్ళు కోట కట్టుకున్నాక, దానికి ఉత్తరాన మన నేతగాళ్ళు, వర్తకులు ఒక బస్తీలో స్థిరపడ్డారు. 1746లో కోటను పట్టుకున్న ఫ్రెంచివాళ్ళూ, దాన్ని తిరిగి పొందాక ఇంగ్లీషువాళ్ళూ, శత్రువు చాటు చేసుకోవడానికి కోట దగ్గర ఇళ్ళుండకూడదని తేల్చి ఆ బస్తీని నేలమట్టం చేశారు. చెన్నకేశవస్వామి గుడి కూడా పోయింది, తరువాత పూలబజారు దగ్గర మళ్ళీ కట్టారు. ఇప్పుడు హైకోర్టు ఉన్నది ఆ పాత బస్తీ నేల మీదే. ఫిరంగి గుండు పోయే దూరం కోసం వదిలిన మైదానం అది. ఇళ్ళు దాటి రాకూడదని 1773లో నాటిన హద్దు స్తంభాల్లో ఒకటి మద్రాసు పారీస్ కార్నర్ కూడలి దగ్గర నేటికీ ఉంది.

రెండోది త్యాగరాయనగర్. 1920 పట్టణ ప్రణాళికా చట్టం వచ్చిన కొద్ది ఏళ్ళకు, మాంబళం చెరువును ఎండగట్టి, పానగల్ పార్కు చుట్టూ వీధులు విచ్చుకునేలా పేట వేశారు. పిట్టి త్యాగరాయ చెట్టి, పానగల్ రాజా ఇద్దరూ తెలుగువారే కనుక మాకు అభిమానమే. గీత చాలా అందమైనది. అయితే ఆ నేలకు తాను చెరువునన్న సంగతి మరుపు రాలేదు, గట్టి వాన పడితే నీళ్ళు పాత చోటు వెతుక్కుంటూ వస్తాయి. మీ బెంగళూరులో ధర్మాంబుధి చెరువు మెజస్టిక్ బస్టాండు అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. 1890ల్లో హెసరఘట్ట నుంచి గొట్టాల నీళ్ళు వచ్చాక ఊరి చెరువుల అవసరం తీరిందనుకున్నారు. తాగునీటికి అవసరం తీరినా వాననీటికి తీరలేదు.

పాతఇంజనీరు:

సందు విషయంలో ఒక సాంకేతిక మాట. మా బంధువుల వీధిలో ఇలాగే కలుపుకుని వంటగదులు కట్టుకున్నారు. తరువాత తెలిసింది, భూగర్భ మురుగు గొట్టం ఆ సందు కిందుగానే పోతోంది. ఒకసారి అది పూడుకుపోతే మూత తెరవడానికి ఒకరి వంటగది నేల పగలగొట్టవలసి వచ్చింది. సంఘం వాళ్ళు తీర్మానం చేసే ముందు మీ సందులో మ్యాన్‌హోలు మూతలున్నాయేమో మొక్కలు తీయించి చూడమనండి. పైగా అది ప్రజల నేల, పంచుకునే హక్కు సంఘానికి లేదు.

సంపిగెవీధి:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం నేనూ, మా అబ్బాయీ కొడవలి తీసుకుని వెళ్ళి చూశాం. మూడు మూతలు కనబడ్డాయి. మా గోడలో ఇటుకలు పెట్టి మూసేసిన చిన్న తలుపు గుర్తు కూడా కనబడింది. పెద్దావిడకు చూపిస్తే, తన చిన్నతనంలో ఆ తలుపు దగ్గరికి వచ్చే ఆమె పేరు చెన్నమ్మ అని, ఆమెకు పండగపూట కూడా బయటినుంచే అన్నం పెట్టేవాళ్ళమని చెప్పి చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఆదివారం సమావేశానికి తనే వస్తానన్నారు, సందును ఎవరూ కలుపుకోకూడదని, శుభ్రం చేయించి పిల్లలు బడికి నడిచే దారిగా తెరవాలని అడుగుతారట. మా వీధి చివరి నుంచి బడి వెనక గేటు దాకా ఆ సందు తిన్నగానే పోతుంది.