అప్‌డేట్: ఆల్బమ్‌కి అంటుకుపోయిన ఫ్లింటాఫ్ కార్డు ఊడొచ్చింది

డిసెంబర్ 6న, అంటే నా పుట్టినరోజునే పుట్టిన క్రికెటర్ల కార్డులు కూడబెడుతున్నానని, వాటిలో ఇంగ్లండ్ ఆటగాడు ఫ్లింటాఫ్ పాత కార్డు ఆల్బమ్ ప్లాస్టిక్ జేబుకి అతుక్కుపోయిందని, ఎలా తీయాలని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది డెంటల్ ఫ్లాస్. ముందు జేబు అంచులు కత్తిరించి, కార్డుకీ ప్లాస్టిక్‌కీ మధ్య ఆ దారాన్ని రంపంలా మెల్లగా ఆడించాను. అరగంట పట్టింది. కింది మూలలో గోరంత రంగు లేచింది, అంతే. అంతకుముందు ఒక రాత్రి జిప్ కవర్‌లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి చూశాను, ఏ తేడా రాలేదు. హెయిర్ డ్రయర్ జోలికి మాత్రం పోలేదు, భయమేసింది.

2023 జూలై వరదలో తడిసి ఇట్లా అయిందనుకున్నాను. అది కారణమే కాదట. హన్మకొండలో ఫొటో ఫ్రేములు కట్టే పెద్దాయన జేబు వాసన చూసి, "నీళ్లు కాదు బిడ్డా, ఇది పీవీసీ కవర్. ఏండ్లు గడిస్తే జిడ్డు ఊరుతది, అదే పట్టుకుంటది" అన్నాడు. ఆ రోజే జడేజా (పుట్టిన ఏడు 1988), బుమ్రా (1993), శ్రేయస్ అయ్యర్ (1994) కార్డులన్నీ అట్లా జిడ్డు ఊరని పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవర్లలోకి మార్చేశాను.

నా స్కూల్ సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్‌లో ఉంది కదా అని ఆటపట్టించినవాళ్లకు: అది బడిలో సారు రాసుకున్న తారీఖు, లెక్కలోకి రాదు! ఇంకా కరుణ్ నాయర్ (1991) దొరకాలి. డబుల్ ఉన్నవాళ్లు చెప్పండి, బదులుగా రెండు కార్డులిస్తా.