డిస్టాఫ్‌లో ముందు వరస గుర్రాలను ఎలా తూచాలి?

రెండో_మలుపు అడిగిన ప్రశ్న:

అమెరికాలో ఏటా జరిగే బ్రీడర్స్ కప్ గుర్రప్పందేల్లోని డిస్టాఫ్ రేసు గురించి అడుగుతున్నా. 3 ఏళ్లు, ఆపైన వయసున్న ఆడగుర్రాలకు మాత్రమే. డర్ట్ (మట్టి ట్రాకు) మీద 9 ఫర్లాంగులు, 20 లక్షల డాలర్ల రేసు. ఫీల్డు (పరుగెత్తే గుర్రాల జాబితా) బయటికొచ్చాక ఫామ్ (పాత రేసుల వివరాలు) తిరగేస్తే నాలుగైదు గుర్రాలు ఒకదానికొకటి తీసిపోవు. అన్నిటికీ గ్రేడ్ 1 (అన్నిటికన్నా పై స్థాయి రేసుల) గెలుపులుంటాయి, స్పీడ్ ఫిగర్లలో (పరుగు సమయాన్ని బట్టి ఇచ్చే మార్కుల్లో) రెండు మూడు పాయింట్లకు మించి తేడా ఉండదు.

తీరా చూస్తే 2019లో మిడ్‌నైట్ బిసూ ఆ ఏడాది పరుగెత్తిన ఏడుకు ఏడూ గెలిచి వచ్చి రెండోది అయింది. 2021లో లెట్రుస్కా వరసగా ఐదు గెలిచి వచ్చి 10వ స్థానంలో తేలింది. 2022లో ఫేవరెట్ నెస్ట్ నాలుగోది. ఇవేవీ నాసిరకం గుర్రాలు కావు. మరి ఎక్కడ తప్పుతోంది? ఏది ముందు చూడాలి, ఏది తర్వాత? మలక్‌పేటలో గడ్డి మీద రేసులు చూసి అలవాటైన కళ్లకు డర్ట్ లెక్క పట్టుబడటం లేదు. పందెం సలహాలు వద్దండి, అంచనా వేసే పద్ధతి చెబితే చాలు.

---

ఫర్లాంగు_లెక్క జవాబు:

ఏది మంచి గుర్రం అన్న ప్రశ్నతో మొదలుపెట్టడమే తప్పు. మొదటి అర మైలు ఎవరు నడిపిస్తారు, ఎంత వేగంతో నడిపిస్తారు అన్నది ముందు తేల్చండి. గడ్డి మీద రేసు చాలాసార్లు నెమ్మదిగా మొదలై చివరి 600 మీటర్లలో విప్పుకుంటుంది. అమెరికా డర్ట్ దీనికి తలకిందులు. గేటు తెరిచిన క్షణం నుంచే జాగా కోసం పోటీ. వెనకున్న గుర్రం ముఖాన మట్టి పడుతుంది, అది ఇష్టపడని గుర్రం అక్కడే మనసు పారేసుకుంటుంది. అందుకే ముందుండటం డర్ట్ మీద పెద్ద లాభం. కానీ ముందుండాలనుకునేవి రెండు మూడైతే అదే లాభం గొంతుకు చుట్టుకుంటుంది.

2021లో డెల్ మార్ ట్రాకులో జరిగిన డిస్టాఫ్ ఇందుకు పాఠం. లెట్రుస్కా ముందు పరుగెత్తే గుర్రం. జెన్యాటా స్టేక్స్ గెలిచి వచ్చిన ప్రైవేట్ మిషన్ కూడా అదే తరహా. మొదటి పావు మైలు 21.84 సెకన్లు, అర మైలు 44.97. రేసు మొత్తం 1:47.67లో ముగిసింది, అంటే మిగిలిన 5 ఫర్లాంగులకు 62.70. ఆరు ఫర్లాంగుల స్ప్రింటుకు సరిపడే వేగాన్ని 9 ఫర్లాంగుల రేసులో వాడేశారు. ముందున్నవి కూలబడ్డాయి. వెనక నుంచి వచ్చిన జపాన్ మేర్ (ఎదిగిన ఆడగుర్రం) మార్ష్ లొరేన్ ముక్కు తేడాతో డన్‌బార్ రోడ్‌ను కొట్టింది, మలథాట్ మూడోది. గెలిచినదాని పందెం రేటు దాదాపు 50కి 1. ఆ రేటు చూసి గాలివాటం గెలుపు అనుకున్నవాళ్లే ఎక్కువ. ఫామ్‌లో ముందు పరుగెత్తేవాటిని లెక్కపెట్టి ఉంటే, గెలిచేది ఏదో తెలియకపోయినా లెట్రుస్కా చిక్కులో పడుతుందని మాత్రం ముందే తెలిసేది.

ఇక పని ఎలా చేయాలంటే, ప్రతి గుర్రానికీ చివరి ఐదు రేసులు తీయండి. పావు మైలు దగ్గర మొదటి స్థానంలోనో, ఒక లెంగ్తు (ఒక గుర్రం నిడివి) లోపలో ఎన్నిసార్లు ఉందో రాయండి. ఐదులో మూడుసార్లు ఉంటే దాన్ని ముందు పరుగెత్తే గుర్రం కింద లెక్కేయండి. ఫీల్డులో అలాంటిది ఒక్కటే ఉంటే దానికి మీరు వేసుకున్న అంచనా ఒక మెట్టు పెంచండి. రెండుంటే గేటు నంబర్లు చూడాలి: లోపలున్నది వెనక్కి తగ్గడానికి వీల్లేదు, తగ్గితే ఇరుక్కుంటుంది. బయటున్నదానికి వెనక పక్కన కూర్చునే వెసులుబాటు ఉంటుంది. మూడు, ఆపైన ఉంటే ఆ మూడింటినీ కిందికి దించి, నాలుగు నుంచి ఆరు లెంగ్తుల వెనక పరుగెత్తేవాటి వైపు చూడండి.

తర్వాత ముగింపు వేగం. చార్టులో (రేసు తర్వాత ఇచ్చే వివరాల పట్టీలో) ఉండేది ముందున్న గుర్రం సమయం, మన గుర్రానిది మనమే కట్టాలి. పాత లెక్కలో లెంగ్తుకు సెకనులో ఐదో వంతు అంటారు. ఈ స్థాయి రేసులో వేగం సెకనుకు సుమారు 54 అడుగులు, లెంగ్తు ఎనిమిదిన్నర అడుగులు అనుకుంటే 0.16 దగ్గరగా ఉంటుంది. ఉదాహరణకు 6 ఫర్లాంగులు 1:11.20, రేసు 1:49.00 అనుకోండి. ముందుండి గెలిచినది చివరి 3 ఫర్లాంగులు 37.80లో వచ్చింది. 6 ఫర్లాంగుల దగ్గర 5 లెంగ్తులు వెనకుండి, చివరికి ఒక లెంగ్తుతో ఓడినది 37.16లో వచ్చింది. 9 ఫర్లాంగుల రేసులో 38 లోపు వస్తే బాగున్నట్టు. అయితే ముందు నెమ్మదిగా నడిస్తే ఎవరైనా చివర్లో దూకుతారు, కాబట్టి ఆ అంకె పక్కనే అర మైలు సమయమూ రాయండి.

ఇక్కడో మోసం ఉంది. అమెరికాలో గేటు తెరిచిన క్షణం నుంచి గడియారం మొదలవ్వదు, కొన్ని అడుగులు పరుగెత్తాక మొదలవుతుంది. ఆ దూరం ఒక్కో ట్రాకుకు ఒక్కోలా ఉంటుంది. శాంటా అనిటా మొదటి పావు మైలును సారటోగా మొదటి పావు మైలుతో నేరుగా పోల్చకండి.

---

కీన్‌ల్యాండ్_కబుర్లు జవాబు:

ఫర్లాంగు గారి లెక్కతో పేచీ లేదు గానీ, పేస్ (ముందు వరస నడిపించే వేగం) ఒక్కటే పట్టుకుంటే 2022 అర్థం కాదు. ఆ ఏడాది కీన్‌ల్యాండ్ ట్రాకులో మలథాట్, బ్లూ స్ట్రైప్, క్లేరియేర్ మధ్య ముక్కు తేడా, మళ్లీ ముక్కు తేడా. నెస్ట్ నాలుగోది. అన్నట్టు మలథాట్, క్లేరియేర్, నెస్ట్ మూడూ కర్లిన్ కూతుళ్లే. మరుసటి ఏడాది గెలిచిన ఇడియొమాటిక్ కూడా ఆ ఇంటి పిల్లే. డర్ట్ మీద 9 ఫర్లాంగులు అనగానే ఫామ్‌లో తండ్రి పేరు ఓసారి చూడటం నష్టం కాదు.

ఆ వేసవిలో ఆగ్డెన్ ఫిప్స్, షువీ రేసులు రెండింట్లోనూ మలథాట్‌ను క్లేరియేర్ కొట్టింది. అక్కడితో ఆగితే క్లేరియేర్ గొప్పదనిపిస్తుంది. కానీ తర్వాత మలథాట్ పర్సనల్ ఎన్‌సైన్ గెలిచింది, అక్టోబరులో అదే కీన్‌ల్యాండ్‌లో స్పిన్‌స్టర్ గెలిచింది. రెండూ 9 ఫర్లాంగులే. జూన్, జూలై ఫామ్ కన్నా ఆగస్టు, అక్టోబరు ఫామ్‌కు విలువ ఎక్కువ. స్పిన్‌స్టర్, డిస్టాఫ్ వెంటవెంట గెలిచినవాటిలో కొన్ని: 1995లో ఇన్‌సైడ్ ఇన్ఫర్మేషన్, 2019లో బ్లూ ప్రైజ్, 2022లో మలథాట్, 2023లో ఇడియొమాటిక్. ఇన్‌సైడ్ ఇన్ఫర్మేషన్ అయితే పదమూడున్నర లెంగ్తులతో. రెండింటికీ మధ్య నాలుగు వారాల ఎడం, అదే దూరం. ఇంతకన్నా మంచి మెట్టు లేదు. కానీ దీన్ని మంత్రంలా పట్టుకోకండి, 2021లో లెట్రుస్కా కూడా స్పిన్‌స్టర్ గెలిచే వచ్చింది.

మిడ్‌నైట్ బిసూ సంగతి అడిగారు. ఆమె పరుగు చెడిపోలేదు. ఆ ఏడాది ఆమె గెలుపుల్లో ఎక్కువ భాగం ఎనిమిదిన్నర ఫర్లాంగులవే. డిస్టాఫ్‌లో సెరెంగెటి ఎంప్రెస్ ముందుండి వేగంగా నడిపింది, చివరి ఫర్లాంగులో ఓపికున్న బ్లూ ప్రైజ్ ఒకటిన్నర లెంగ్తుతో దాటింది. అర ఫర్లాంగే కదా అనిపిస్తుంది. కానీ ఒకే స్థాయి గుర్రాల మధ్య ఫలితం తేలేది ఆ 100 మీటర్లలోనే. అందుకే గుర్రం పేరు పక్కన గ్రేడ్ 1 గెలుపులు ఎన్ని అని కాకుండా, 9 ఫర్లాంగుల మీద, రెండు మలుపుల మీద ఎన్ని అని రాయండి. బెల్మాంట్ పార్క్ చుట్టుకొలత ఒకటిన్నర మైలు కాబట్టి అక్కడ 9 ఫర్లాంగులకూ ఒకే మలుపు. అక్కడ మెరిసినది మైలు చుట్టుకొలత ట్రాకు మీద మొదటి మలుపులోనే ఊపు పోగొట్టుకోవచ్చు.

రేసు ఎక్కడ జరుగుతుందన్నది కూడా చూడాలి, ఎందుకంటే ఏటా ఒకే చోట కాదు. చివరి మలుపు దాటాక గీత దాకా ఉండే నిడివి డెల్ మార్‌లో 919 అడుగులు, శాంటా అనిటాలో 990, కీన్‌ల్యాండ్‌లో 1,174, చర్చిల్ డౌన్స్‌లో 1,234 పైచిలుకు. డెల్ మార్‌లో వెనకనుంచి వచ్చేది మలుపులోనే కదలాలి, అంటే బయటి వరసలో దూరం పోగొట్టుకుంటూ రావాలి. ఒక్కో వరస బయటికి పోతే ఒక్కో మలుపుకు సుమారు ఒక లెంగ్తు నష్టం. రెండు మలుపుల్లోనూ మూడో వరసలో వచ్చిన గుర్రం రైలింగుకన్నా నాలుగు లెంగ్తులు ఎక్కువ పరుగెత్తినట్టు. చార్టు వ్యాఖ్యలో వరస నంబరు ఇస్తారు, చదవకుండా ఫిగర్ ఒక్కటే చూసేవాళ్లు ఈ నాలుగు లెంగ్తులు పారేసుకుంటారు.

ఓటములను కూడా విడివిడిగా చూడాలి. 2016లో బిహోల్డర్ వరసగా మూడు ఓడి వచ్చింది. ఎవరి చేతిలో? ఒకసారి మగగుర్రాల మధ్య కాలిఫోర్నియా క్రోమ్ చేతిలో, రెండుసార్లు స్టెల్లార్ విండ్ చేతిలో. ఎదురుగా సాంగ్‌బర్డ్, 11కు 11 గెలిచిన 3 ఏళ్ల ఫిల్లీ (పడుచు ఆడగుర్రం). కానీ అప్పటిదాకా సాంగ్‌బర్డ్ పెద్ద వయసు మేర్లతో తలపడలేదు. బిహోల్డర్‌కు 6 ఏళ్లు, శాంటా అనిటా సొంత ట్రాకు. గీత దగ్గర ముక్కు తేడాతో బిహోల్డర్‌దే గెలుపు.

---

రెండో_మలుపు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం. 2024లో థోర్పీడో అన్నా 3 ఏళ్ల ఫిల్లీయే, ముందు వరసలో పరుగెత్తేదే. అయినా రెండున్నర లెంగ్తులతో గెలిచింది కదా. సాంగ్‌బర్డ్‌కు పనికిరానిది దీనికెలా పనికొచ్చింది?

---

కీన్‌ల్యాండ్_కబుర్లు:

పేరులో అన్నా ఉన్నా ఆడగుర్రమే, ముందు అది ఖాయం చేసుకుందాం :)

తేడా ఎక్కడంటే, థోర్పీడో అన్నా అప్పటికే గట్టి పరీక్ష రాసి వచ్చింది. ఆగస్టులో ట్రావర్స్‌లో మగగుర్రాలతో 10 ఫర్లాంగులు పరుగెత్తి ఫియర్స్‌నెస్ చేతిలో తల తేడాతో ఓడింది. ఆ ఓటమి ఫిల్లీల మధ్య ఆరు లెంగ్తుల గెలుపుకన్నా పెద్దది. కెంటకీ ఓక్స్, కోచింగ్ క్లబ్ ఓక్స్ రూపంలో 9 ఫర్లాంగుల గెలుపులూ ఉన్నాయి. పైగా ముందటేడాది విజేత ఇడియొమాటిక్ గాయంతో తప్పుకుంది. ముందు వరసలో ఒత్తిడి పెట్టగల పెద్ద మేర్ అదే, అది లేకపోవడంతో పని తేలికైంది. చూశారా, మళ్లీ ఫర్లాంగు గారి లెక్క దగ్గరికే వచ్చాం.

3 ఏళ్లవాటికి పెద్దవాటికన్నా కొన్ని పౌండ్ల బరువు తక్కువ ఇస్తారు. నవంబరుకు అవి దాదాపు ఎదిగే ఉంటాయి కాబట్టి ఆ తగ్గింపు మేలే. కానీ పెద్దవాటితో ఒక్కసారీ తలపడని ఫిల్లీకి ఆ బరువు చూసి మార్కులు వేయకండి.

---

పాడక్_పక్కన జవాబు:

అందరూ కాగితం మీదే ఉన్నారు. ఆడగుర్రాల రేసులో కాగితానికి అందనివి కొన్ని ఉంటాయి.

మొదటిది ఎద. మేర్ ఎద చక్రం సుమారు 21 రోజులు, అందులో ఐదు నుంచి ఏడు రోజులు ఎదలో ఉంటుంది. పగటి వెలుగు ఎక్కువున్న వసంతం, వేసవుల్లో ఇది జోరుగా సాగి, చలికాలానికి ఆగిపోతుంది. అందుకే వేసవిలో ఒక రేసులో కారణం లేకుండా చప్పబడిన మేర్ శరదృతువులో తేరుకోవచ్చు. అలాంటి ఒక్క చెడ్డ పరుగును కొట్టిపారేయొచ్చు, రెండు వరసగా ఉంటే వద్దు.

రెండోది బొచ్చు. అక్టోబరు చివరికి కొన్ని మేర్లకు చలి బొచ్చు మొలవడం మొదలవుతుంది. మెరుపు తగ్గి, డొక్కల మీద రోమాలు లేచి కనిపిస్తే సీజన్ అయిపోయిందని దాని ఒళ్లే చెబుతోంది. ఒళ్లు నిగనిగలాడుతూ, పిరుదుల కండ నిండుగా ఉంటే ఇంకా పరుగుంది.

చెమటను జాగ్రత్తగా చదవాలి. డెల్ మార్ ఎండలో మెడ తడిస్తే పెద్ద విషయం కాదు. వెనక కాళ్ల మధ్య తెల్లటి నురగ, జీను గుడ్డ కింద నురగ, దానితోపాటు తోక తిప్పడం, తల ఎగరేయడం కలిస్తే రేసుకు ముందే శక్తి కారిపోతున్నట్టు. కానీ కొన్ని ఎప్పుడూ అలాగే చెమటపడతాయి, అలాగే గెలుస్తాయి. పాత రేసుల పాడక్ (రేసుకు ముందు గుర్రాలను తిప్పే చోటు) వీడియో చూసి పోల్చాలి తప్ప ఒక్కరోజు చూసి తేల్చకూడదు.

ఉదయపు వర్కవుట్లలో బుల్లెట్ గుర్తు చూసి మురిసిపోకండి. ఆ గుర్తుకు అర్థం ఆ రోజు ఆ ట్రాకులో ఆ దూరానికి అదే వేగవంతం అని మాత్రమే. ఆ దూరం రెండు గుర్రాలే పరుగెత్తి ఉండొచ్చు. ఏడెనిమిది రోజులకు ఒకటి చొప్పున తప్పకుండా సాగాయా, గీత దాటాక కూడా అదే ఊపులో పోయిందా అన్నది చూడాలి. రెండు వర్కవుట్ల మధ్య 14 రోజులు ఖాళీ ఉంటే ఏదో నలత పడి ఉంటుందని అనుమానించాలి.

ఇంకొకటి, బ్రీడర్స్ కప్‌లో 2021 నుంచి అన్ని రేసులకూ రేసు రోజు లేసిక్స్ లేదు. ఊపిరితిత్తుల్లో రక్తం చిమ్మకుండా ఇచ్చే మందు అది. చిన్న రేసుల నుంచి ఎక్కివచ్చిన గుర్రమైతే లేసిక్స్ లేకుండా ఎన్నిసార్లు పరుగెత్తిందో ఫామ్‌లో చూడండి.

---

ఫర్లాంగు_లెక్క:

పాడక్ గారు చెప్పినవి చేర్చి వరస ఇలా పెట్టుకోండి: ముందు పేస్, తర్వాత 9 ఫర్లాంగుల రెండు మలుపుల రికార్డు, తర్వాత ఆగస్టు నుంచి ఫామ్, చివర ఒళ్లు. స్పీడ్ ఫిగర్ వీటన్నిటి తర్వాత. ఫిగర్లో రెండు పాయింట్ల తేడా ఒక్క మలుపులో ఒక్క వరస బయటికి పోతే చెరిగిపోతుంది.

విదేశీ గుర్రాలను అర్థం కాలేదని పక్కన పెట్టకండి. బ్లూ ప్రైజ్, బ్లూ స్ట్రైప్ అర్జెంటీనావి. మార్ష్ లొరేన్ జపాన్‌లో డర్ట్ మీద గెలుస్తూ వచ్చింది. తెలియని ట్రాకు పేర్లు చూసి జనం దాన్ని వదిలేశారు.

రేసు రోజు ఉదయం స్క్రాచ్‌ల (తప్పుకున్న గుర్రాల) జాబితా తప్పక చూడండి. ముందు పరుగెత్తేవాటిలో ఒక్కటి తప్పుకున్నా మొదటి కాగితం చింపేసి పేస్ లెక్క మళ్లీ వేయాల్సిందే.